బల్ల మీద హెడ్డు

కార్తీక మాసం. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున తెరిపిచ్చింది. 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై వైపు పోయే లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ దొరవారిసత్రం దాటిపోతున్నాయి. రోడ్డు వారగా రేకుల షెడ్డు. లోపల అడుగుపెట్టగానే ముందు డీజిలు వాసన, ఆ వెనకే కాలిన గ్యాస్కెట్టు వాసన. గుమ్మంలోనే ట్రాక్టరు నిలబడి ఉంది. బానెట్టు తీసేశారు. రేడియేటరు గోడకు ఆనించి ఉంది. ఇంజను పైభాగం తెరిచి ఉంది. మూడు సిలిండర్లలోనూ మురికి పడకుండా పాత గుడ్డలు కుక్కారు. వెనక చక్రాలకు అంటిన దమ్ము బురద ఇంకా ఆరలేదు.

హెడ్డు బల్ల మీద ఉంది. పోత ఇనుముది, ఇద్దరు పడితే గానీ లేవదు. నిన్న సాయంత్రం ఇంజను చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాకే మేస్త్రి నట్లు వదులు చేశాడు. రెండు చివరల నుంచి మధ్యకు వస్తూ, ఒక్కొక్క నట్టునూ కొంచెం కొంచెంగా. వేడి మీద ఉండగా ఒకే పక్క నుంచి గబగబా విప్పేస్తే బాగున్న హెడ్డు కూడా ఒంకరపోతుంది.

రైతు పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కొత్త గ్యాస్కెట్టు ప్యాకెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ నేల 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ మాట మాత్రం నెల్లూరిదే.

"గ్యాస్కెట్టే గదా మేస్త్రీ పోయింది. ఏసి బిగించెయ్యి. చెరువు నిండింది, నారు ముదురతా ఉండాది. మధ్యాహ్నానికి బండి కయ్యలో దిగాల."

"పోయింది సరే మావా. ఎందుకు పోయిందో చూడకుండా బిగిస్తే ఇదీ పోద్ది. నాకు రెండు గంటలియ్యి."

ఆ రెండు గంటలు మీరూ ఇక్కడే ఉండండి. హెడ్డు విప్పడం, బిగించడం చేతిపని. ఆ రెంటికీ నడుమ చూడటమనే పని ఒకటుంది. బండి మళ్ళీ షెడ్డుకు వచ్చేదీ రానిదీ తేలేది అక్కడే.

మేస్త్రి హెడ్డును వెల్లకిలా తిప్పించాడు. కుర్రాడు డీజిలు డబ్బా, బ్రష్షు తెచ్చి కడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కడిగితే సాక్ష్యం పోతుంది. టార్చి వేసి మీరూ చూడండి. ఈ రకం డీజిలు ఇంజన్లలో మంట మండే గుంట పిస్టను నెత్తిన ఉంటుంది, హెడ్డు కింది ముఖం చదునుగా ఉంటుంది. దాని మీద మూడు సిలిండర్ల అచ్చులూ మూడు నల్లటి వలయాలుగా పడి ఉన్నాయి. ఒక్కో వలయంలో రెండు వాల్వులు, నడుమ నాజిల్ రంధ్రం. గాలి లోపలికి వచ్చే ఇన్లెట్ వాల్వు కాస్త పెద్దది, పొగ బయటికి పోయే ఎగ్జాస్టు వాల్వు చిన్నది.

ఒకటో వలయం పొడిగా, నల్లగా ఉంది. మూడోదీ అంతే. రెండోదాన్ని చూడండి. ఎగ్జాస్టు వాల్వుకూ నాజిల్ రంధ్రానికీ మధ్య రూపాయి బిళ్ళంత మేర మసి లేదు. ఇనుము బూడిద రంగులో తేటగా బయటపడింది. అంచున సన్నటి తుప్పు చార. శుభ్రంగా ఉంది కదా అనుకుంటాం. ఇంజను లోపల శుభ్రంగా కనబడే చోటే అనుమానించాల్సిన చోటు. అక్కడికి నీళ్ళు చేరాయి. మంటకు ఆవిరై పోతూ, పోతూ మసిని ఊడ్చుకుపోయాయి.

ఇప్పుడు పాత గ్యాస్కెట్టు. మేస్త్రి దాన్ని పారేయనివ్వలేదు, హెడ్డు పక్కనే అదే దిక్కుగా పరిచాడు. రెండో సిలిండరుకూ మూడోదానికీ మధ్యనుండే సన్నటి భాగంలో లోహపు రింగు కాలి తెగిపోయింది. ఒక సిలిండరులో నొక్కుకున్న గాలి పక్కదానిలోకి దారి చేసుకుంది. బండి లాగకపోవడానికి కారణం అదే. కాలిన ఆ చోటు నుంచి నీటి రంధ్రాల దాకా దారి ఉందా అని మేస్త్రి వేలితో తడిమాడు. లేదు. అక్కడ రింగు చెక్కుచెదరలేదు.

"గ్యాస్కెట్టు కాలింది ఇక్కడ. నీళ్ళొచ్చింది అక్కడ," అన్నాడు. రెండు వేళ్ళూ రెండు చోట్ల పెట్టాడు. "ఈ రెండిటికీ పొంతన లేదు మావా."

రైతు ఏమీ అనలేదు. ఇంజను అడుగు నుంచి తీసిన ఆయిల్ డబ్బాలో ఉంది. పైన గోధుమ రంగు నురగ తేలుతోంది. నీళ్ళు ఆయిల్లోకీ దిగాయి.

కడిగే ముందు ఇంకొకటి మిగిలింది. హెడ్డును పక్కకు నిలబెట్టి, పొగ, గాలి పోయే దారుల్లో కిరసనాయిలు పోశారు. వాల్వులు సీట్ల మీద సరిగా కూర్చుని ఉంటే ఇవతలికి చుక్క రాదు. ఒకటోదానిలో రాలేదు. మూడోదాని ఎగ్జాస్టు అంచున తడి మెరిసింది. రెండోదాని ఎగ్జాస్టు నుంచి చుక్కలు కట్టి కారింది.

తరవాత వాల్వులు విప్పడం. స్ప్రింగు నొక్కే బిగింపు వేసి, కాడను పట్టి ఉంచే రెండు చిన్న లాకులు అయస్కాంతంతో తీశాడు. అట్టముక్కకు ఆరు చిల్లులు పొడిచి, నంబర్లు రాసి, ఏ వాల్వు ఏ చోటిదో అందులోనే గుచ్చాడు. వాల్వులు చూడ్డానికి ఒకే తీరున ఉన్నా, ఒక్కోటీ తన సీటుకు తానే అరిగి కుదురుకుని ఉంటుంది. కలిపేస్తే ఆ కుదురు పోతుంది. కాడను గైడులో సగం దించి పక్కలకు ఊపి చూడమని మీ చేతికిచ్చాడు. ఊపండి. ఒకటోది నిబ్బరంగా ఉంది. రెండోదానిలో కొద్దిగా ఆట తెలుస్తోంది. వాల్వు అంచునూ సీటునూ సాధారణంగా 45 డిగ్రీల వాలులో కోస్తారు. ఆ వాలు మీద చుట్టూ ఒకే వెడల్పున బూడిద రంగు గీత తిరిగి ఉండాలి. రెండో ఎగ్జాస్టు మీద ఆ గీత ఒక పక్క వెడల్పై, ఇంకో పక్క తెగింది. అంటే సీటు గుండ్రం తప్పింది. గుండ్రంగా ఉన్న సీటు ఊరికే గుండ్రం తప్పదు. గైడు అరిగినా తప్పుతుంది, దాని చుట్టూ ఉన్న ఇనుము కదిలినా తప్పుతుంది. ఇక్కడ గైడులో ఆట కొద్దిగానే ఉంది, ఇనుము సంగతే చూడాలి. అనుమానం అటే పోతోంది.

ఇక కడిగారు. డీజిల్లో నానబెట్టి, మొద్దు స్క్రాపరుతో పాత గ్యాస్కెట్టు పెచ్చులు లేపారు. చాలా షెడ్లలో ఇక్కడే గ్రైండరుకు ఎమరీ బిళ్ళ తగిలించి నిమిషంలో మెరిపించేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ బిళ్ళ పెచ్చుతో పాటు ఇనుమునూ తినేస్తుంది, ఎక్కడ ఎంత తిన్నదో కంటికి ఆనదు. చదును కొలవాల్సిన ముఖాన్ని కొలవక ముందే పాడుచేయడం అది. ఈ మేస్త్రి అరగంట పట్టినా చేత్తోనే గీకించాడు.

గోడకున్న చెక్కపెట్టెలోంచి నూనెగుడ్డ చుట్టిన స్ట్రెయిట్ ఎడ్జి తీశాడు. అంచు తిన్నగా సానబట్టిన మందపాటి ఉక్కు బద్ద. మామూలు స్టీలు స్కేలు దీనికి పనికిరాదు, తానే వంగుతుంది. పక్కన ఫీలర్ గేజి, అంటే రకరకాల మందాల్లో పలచటి ఉక్కు రేకుల కట్ట. ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. బద్దను హెడ్డు మీద నిలువునా రెండు అంచుల వెంట, అడ్డంగా సిలిండర్ల మధ్యన, ఆపైన మూల నుంచి మూలకు ఏటవాలుగా రెండు వైపులా పెట్టి చూడాలి. పెట్టిన ప్రతిచోటా దాని కింద రేకు దూరుతుందేమో చూడాలి. అంచుల వెంట చూసి సరేననుకున్నవాళ్ళు ఏటవాలు మెలికను పట్టుకోలేరు.

అంచుల వెంట 0.05 మిల్లీమీటర్ల రేకు దూరలేదు. బాగుంది. అడ్డంగా, రెండో మూడో సిలిండర్ల నడుమ, అదే రేకు జారిపోయింది. 0.10 రేకు పెట్టాడు. అదీ పోయింది. 0.15 దగ్గర పట్టేసింది. ఏటవాలున కూడా అదే తీరు. మనిషి తలవెంట్రుక మందం ఇంచుమించు 0.07 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు వెంట్రుకల మందాన వంకర అంటే ఏమంత అనిపిస్తుంది. ఎంత వంకర దాకా ఓర్చుకోవచ్చో ఒక్కో కంపెనీ తన మాన్యువల్లో రాస్తుంది. ఇంత చిన్న హెడ్డుకు 0.15ను ఒప్పుకునే మేస్త్రి నాకు తెలిసి ఎవరూ లేరు. గ్యాస్కెట్టు కాలింది సరిగ్గా ఆ చోటే.

రైతుకు ప్రాణం లేచివచ్చింది. "అయితే ఫేసింగు కొట్టిస్తే సరిపోద్ది గదా? సూళ్ళూరుపేటకు పొయ్యొస్తా."

లేత్ షాపులో ముఖాన్ని చదునుగా చెక్కించడమే ఫేసింగు. వంకరకు మందు అదే. దానికీ హద్దుంది. చెక్కినకొద్దీ వాల్వులు పిస్టను నెత్తికి దగ్గరవుతాయి, నాజిల్ మొన కిందికి పొడుచుకొస్తుంది. మళ్ళీ ఆ లోతులు కొలిచి సరిచేయించాలి. అంతకుముందు తేలాల్సిన సంగతి ఇంకొకటుంది.

"పగులుందేమో చూడకుండా ఫేసింగుకు డబ్బులు పొయ్యొద్దు," అన్నాడు మేస్త్రి.

రెండో వలయం మొత్తాన్ని కిరసనాయిలుతో తడిపాడు. పగులున్నట్టయితే నూనె అందులోకి దిగడానికి ఓ పావుగంట వదిలేయాలి. షెడ్డు బయటికి వచ్చి నిలబడండి. ఇదే మండలంలోని నేలపట్టు పక్షుల కేంద్రం నుంచి గూడబాతులు బారుగా లేచి పులికాట్ వైపు మేతకు పోతున్నాయి. వానలు పడి చెరువులు నిండితే అవి నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు కడతాయి. అవే నీళ్ళకు ఇక్కడ రైతు దమ్ముకు దిగుతాడు. ఈ తరుణంలో ట్రాక్టరు ఒక రోజు ఆగడమంటే ఏమిటో ఆ స్టూలు మీది మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

లోపలికి రండి. మేస్త్రి పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఒకటికి మూడు గుడ్డలు మార్చి, పైతడి ఏమాత్రం మిగలకుండా. తరవాత సుద్దముక్క పొడి చేసి, పలచగా చల్లి, వేలితో పరిచాడు. వలయమంతా తెల్లబడింది. ఇప్పుడెవరూ మాట్లాడరు.

ఒక నిమిషం. రెండు. నాజిల్ రంధ్రం అంచున తెలుపు మీద నూలుపోగంత తడి గీత పుట్టింది. కళ్ళు చికిలించి చూస్తే తప్ప ఆనదు. చూస్తుండగానే ఎగ్జాస్టు సీటు వైపు సాగింది. సీటు అంచును తాకి ఆగింది. మసి పోయి తేటగా కనబడిన చోటు నడుమ నుంచే పోయింది ఆ గీత.

ఈ పద్ధతి చాలా పాతది. ఆవిరి ఇంజన్ల కాలంలోనే రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులనూ చక్రాలనూ నూనెలో నానబెట్టి, తుడిచి, సుద్ద పూసి పగుళ్ళు పట్టేవాళ్ళు. ఇప్పుడు దానికే మెరుగైన రూపం మూడు స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది. ఒకటి శుభ్రం చేసేది, ఒకటి పగుల్లోకి దిగే ఎర్రరంగు ద్రవం, మూడోది ఆ ఎరుపును పైకి లాగి చూపే తెల్లపొడి. విమానాల, రాకెట్ల తయారీలో కూడా ఈ పరీక్ష ఉంది. పెద్ద ఊళ్ళ షాపుల్లో నీటి దారులన్నీ మూసి, లోపలికి గాలి ఎక్కించి, హెడ్డును వేడినీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు. ముఖానికి పైకి రాని, లోపలి గోడల పగుళ్ళను పట్టేది అదే. చల్లటి హెడ్డులో మూసుకుపోయి వేడికి మాత్రమే తెరుచుకునే పగుళ్ళు ఉంటాయి కాబట్టి వేడినీళ్ళు. ఆ పరీక్ష దొరికితే చేయించాలి. దొరకదని సుద్దపొడిని కూడా వదిలేయడమే తప్పు.

"ఎట్టా పగిలింది మేస్త్రీ? ఇనుము గదా?"

మేస్త్రి జవాబు చెప్పకుండా హెడ్డును పక్కకు తిప్పి నీటి రంధ్రంలోకి టార్చి కొట్టాడు. మీరూ వంగి చూడండి. వేలు పట్టాల్సిన దారిలో పెన్సిలు పట్టేంత సందే మిగిలింది. గోడల నిండా తెల్లటి గట్టి పెచ్చు. ఉప్పునీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే పొర ఇదే. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెళుసుగా రాలి, కింద తుప్పు బురద బయటపడింది.

"రేడియేటర్లో ఏ నీళ్ళు పోస్తా ఉండావు?"

"బోరు నీళ్ళే. అందరూ అవే పోస్తారు."

"కూలెంటు?"

"మనకెందుకది? మంచు పడే దేశాలకు గదా."

ఈ మాట ఈ కోస్తా అంతా వినబడుతుంది. బోరు నీళ్ళలోని సున్నం, వేడి తగిలిన చోట విడిపోయి గోడకు పడుతుంది. అన్నిటికన్నా వేడి చోటు ఎగ్జాస్టు సీటు వెనక గోడ, అంటే అన్నిటికన్నా ఎక్కువ చల్లదనం కావాల్సిన చోటు. ఇనుముతో పోలిస్తే ఆ పొరలో వేడి పారేది పదుల రెట్లు తక్కువ. నీళ్ళు ఉన్నట్టే ఉంటాయి, ఇనుముకు అందవు. బరువు మీద ఉన్న ఇంజనులో ఎగ్జాస్టు పొగ 500 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది. సీటుకూ నాజిల్‌కూ మధ్యనున్న సన్నటి ఇనుప వంతెన ఆ వేడికి సాగబోతుంది. చుట్టూ ఉన్న చల్లటి ఇనుము సాగనివ్వదు. వంతెన తనలో తానే నలిగి పొట్టిదవుతుంది. చల్లారేటప్పుడు ఆ పొట్టిదాన్ని చుట్టూ ఉన్నది లాగుతుంది. పోత ఇనుము నొక్కుడుకు ఓర్చుకుంటుంది గానీ లాగుడుకు ఓర్చుకోలేదు. రోజూ ఇదే జరిగితే ఒకరోజు చీలిక పుడుతుంది.

"ఆ రోజు కయ్యలో బండి ఆగినాక ఏం చేసినావు మావా?"

రైతు కొంచెంసేపు ఆగి చెప్పాడు. "మూత తీస్తే నీళ్ళు లేవు. కాలవలో బిందె ముంచి పోసినా. బుసబుసమని ఆవిరి లేసింది. మూడు బిందెలు పట్టినాయి."

మేస్త్రి తల ఊపాడు. కోప్పడలేదు. మడి మధ్యలో బండి ఆగి, నారు ఎదురుచూస్తుంటే ఎవరైనా చేసేది అదే. చిన్న చీలిక అంతకుముందే ఉండి ఉంటుంది. కాలి ఉన్న ఇనుము మీద చన్నీళ్ళు పడ్డాక అది సీటు దాకా సాగింది, ముఖం వంకర పోయింది. గ్యాస్కెట్టు వీటన్నిటి తరవాత పోయింది.

"వెల్డింగు పెట్టించలేమా?"

"పెట్టేవాళ్ళుండారు. పోత ఇనుము, పైగా మంట తగిలే చోటు. హెడ్డంతా కాల్చి, పెట్టి, మెల్లగా చల్లారిస్తేనే నిలబడద్ది. ఊరికే అంటిస్తే పక్కన ఇంకోటి పగులద్ది. పండగ లోపల మళ్ళీ నా దగ్గరికే తెస్తావు. నేనైతే పెట్టను."

ఏ షెడ్డులోనైనా కష్టమైన మాట ఇదే. గ్యాస్కెట్టు మార్చి కూలి తీసుకుని పంపేస్తే ఆ పూటకు అందరూ సంతోషంగా ఉంటారు. ఒకటి రెండు వారాల్లో ఆ నీళ్ళు ఆయిల్లో కలిసి బేరింగులు తినేస్తే, అప్పుడు పోయేది హెడ్డు ఒక్కటే కాదు, క్రాంకు కూడా. ఈ మేస్త్రి లాంటి వాళ్ళకు సర్టిఫికెట్లు ఉండవు, జీతాలూ ఉండవు. చెయ్యనని చెప్పి వచ్చే కూలి పోగొట్టుకోవడానికి దమ్ముండాలి. ఆ దమ్మును మనం గుర్తించి, చూసిన పనికి కూడా కూలి ఇవ్వాలని నా కోరిక.

తీర్పు గబగబా వచ్చేసింది. ఈ హెడ్డు పాత ఇనుములోకే. కొత్తది నాయుడుపేటలోనో నెల్లూరులోనో చూడాలి. పాత హెడ్డు చవగ్గా దొరికితే సంతోషమే, దాన్నీ ఇదే బల్ల మీద ఇట్లాగే చూసి గానీ ఎక్కించడు. మేస్త్రి స్ట్రెయిట్ ఎడ్జి తీసుకుని ఇంజను బ్లాకు మీదా పెట్టి చూశాడు. 0.05 రేకు ఎక్కడా దూరలేదు. ఈ రోజు మొత్తం మీద రైతు ముఖం కాస్త విప్పారింది ఇక్కడే. ఆయిలు, ఫిల్టరు మార్చాలి. రేడియేటరు కడిగించాలి. బ్లాకు నీటి దారుల్లోని సున్నం కరిగించి తీయాలి, లేకపోతే కొత్త హెడ్డుకూ ఇదే గతి. మన ఎండలకు ఎందుకని ఎవరో ఎప్పుడో పీకి పారేసిన థర్మోస్టాటు మళ్ళీ పెట్టాలి. అది లేని ఇంజను పొద్దున వేడెక్కక డీజిలు తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి.

రైతు పక్కూరి ట్రాక్టరును బాడుగకు మాట్లాడుకోవడానికి ఫోను తీశాడు. తెచ్చిన గ్యాస్కెట్టు ప్యాకెట్టు విప్పకుండానే బల్ల కింద పెట్టించాడు. కొత్త హెడ్డుకు అది పనికొస్తుంది.

ట్రాక్టరున్న ప్రతి రైతునూ అడిగేది ఇది. కూలెంటు మంచు దేశాలకే అనుకోవద్దు. అది తుప్పును ఆపుతుంది, నీళ్ళు మరిగే వేడిని పెంచుతుంది. కంపెనీ చెప్పిన పాళ్ళలో, బోరు నీళ్ళతో కాకుండా శుద్ధి చేసిన నీళ్ళతో కలిపి పొయ్యండి. దమ్ములో ఉన్నప్పుడు రేడియేటరు జాలీకి పట్టిన గడ్డి పూటపూటా దులపండి. వేడి చూపే ముల్లు ఎరుపులోకి పోతే బరువు తీసేసి, ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి చల్లార్చండి. నీళ్ళు పూర్తిగా పోయినట్టు తెలిస్తే వెంటనే ఆపెయ్యండి. వేడి మీద మూత తియ్యొద్దు, చన్నీళ్ళు పొయ్యొద్దు. ఇంత చేసినా ఒకరోజు హెడ్డు విప్పాల్సి వస్తే ఆ పూట షెడ్డులోనే ఉండండి. బద్ద పెట్టి చూశావా, పగులు చూశావా అని మేస్త్రిని అడగండి. అడిగాకే గ్యాస్కెట్టు కొనండి.